మైకక్క చెప్పిన వాన

పామిడి బస్టాండులో టీ తాగుతుంటే ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే కండక్టరు. ఒకప్పుడు యాడికి బస్సులో ఉండేవాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏమప్పా, మర్చిపోయినావా?" అన్నాడు.

మర్చిపోలేదు. ఫోన్ లైను పనిచేయని రోజుల్లో మా ఆఫీసు కాగితాలు అతని సంచీలోనే పల్లెలకు వెళ్లేవి. ఒక ఊరి దగ్గర బస్సు ఆపి, రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మనిషి చేతికి వాటిని ఇచ్చేవాడు. ఆ మనిషి సంగతే చెప్పాడు.

"మీ మైకక్క పోయింది. తెలుసునా?"

"ఎప్పుడు?"

"ఎండాకాలంలోనే. బెంగుళూరులో. తమ్మునోళ్లతో బిల్డింగు పనికి పోయినాది గదా. జరమొచ్చిందంట. నాలుగు దినాలు."

డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు వెళ్లి బస్సెక్కాడు. నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆమెకు ఒక మంచి పేరుంది. మా రిజిస్టర్లలో నా చేత్తో చాలాసార్లు రాశాను. ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు కింద ఆమె అనని మాట అచ్చువేయించినవాణ్ణి. ఊరు ఆమెను మైకక్క అని పిలిచేది. నేను అక్కా అనేవాణ్ణి.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. కళ్లు మసకబారి మగ్గం దిగిన తర్వాత ఇల్లు నా జీతం మీద నడిచింది. ఇంగ్లీషు కాస్త వచ్చు కాబట్టి అనంతపురంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. పేద దేశాల్లో, పేద జిల్లాల్లో పల్లెపల్లెకూ కంప్యూటరు చేర్చాలని పూనుకున్న సంస్థలన్నీ కలిసి అప్పట్లో ఒక పెద్ద నెట్‌వర్కుగా ఏర్పడ్డాయి. మాది అందులో ఒక కొస. సమాచారం అందితే పేదరికం తగ్గుతుందని ఆ నెట్‌వర్కు నమ్మేది. నేనూ నమ్మాను. మాది కరువు జిల్లా కాబట్టి కంప్యూటర్లు మాకు తొందరగానే వచ్చాయి.

యాడికి దగ్గర ఆ పల్లెలో, పంచాయతీ వాళ్లు ఇచ్చిన నాపరాళ్ల గదిలో, ఒక సమాచార కేంద్రం పెట్టాం. ఒక కంప్యూటరు, ప్రింటరు, ఒక ఫోను, కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీ. గది మీద స్తంభానికి కట్టిన మైకు. నడపడానికి మొదట ఊళ్లో ఇద్దరు మగవాళ్లకు నేర్పాం. మౌసు పట్టుకోవడం వచ్చీ రాగానే ఒకడు తాడిపత్రికి పోయాడు, ఇంకొకడు బెంగుళూరికి. మూడోసారి మనిషి కోసం అడుగుతుంటే ఆమె వచ్చి గడప బయట నిలబడింది. పొడుగు మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. పెళ్లైన నాలుగేళ్లకే మొగుడు పాము కరిచి పోతే, తమ్ముడి ఇంటికి వచ్చి వాళ్ల చేలోనే పని చేసుకుంటోంది.

"పదో తరగతి పాసైనా" అంది. "నేర్పితే నేర్చుకుంటా. ఈడనే ఉంటా. పోయేదానికి నాకింక ఊరేది?"

చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. మొదటి వారమంతా నిలబడే నేర్చుకుంది. మౌసును కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేది, గట్టిగా అదిమితే చచ్చిపోతుందేమో అన్నట్టు. ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము సందుసందునా దూరి వచ్చేది. పాతచీర చింపి కంప్యూటరుకు గలీబు కుట్టింది. పొద్దున రాగానే ఆ గలీబు బయటికి తెచ్చి దులిపి, ఆరు మడతలు పెట్టి, ఆ మడతల మీద కూర్చునేది. అలా కుర్చీలో కూర్చోవడం అలవాటైంది.

పొద్దున ఏడింటికి మైకు వేసేది. ముందు ఒక గుక్క నీళ్లు తాగేది. మొహం పక్కకు తిప్పి దగ్గేది. తర్వాత, వీధికి అవతల ఉన్న మనిషితో మాట్లాడినట్టు, "వింటాండారా?" అని అడిగి ఆగేది. మైకులో అటువైపు మాట మనకు వినపడదని నేను ఎన్నిసార్లో చెప్పాను. ఆమె ఆగడం మానలేదు. ఒకరోజు నేను ఆ ఊళ్లో ఉన్నప్పుడు అర్థమైంది. ఆమె ఆగినప్పుడు ఇళ్ల ముందు కసువు ఊడుస్తున్నవాళ్లు, ఎద్దులకు నీళ్లు పెడుతున్నవాళ్లు, ఎక్కడివాళ్లు అక్కడే, "వింటాండాం" అంటున్నారు. ఆ గదికి కిటికీ ఉంది. ఆమెకు వినపడేది.

అప్పుడు మొదలుపెట్టేది. తాడిపత్రి మార్కెట్లో చెనక్కాయల ధర. కంటి డాక్టర్లు ఏ ఊరికి వస్తున్నారు. పింఛన్లు ఏ రోజు ఇస్తారు. ఫలానావాళ్ల చెవికోసిన మేక కనపడలేదు, చూసినవాళ్లు చెప్పండి. చివర్న వాన సంగతి. వాన సంగతి చివర్న ఎందుకు పెడతావని అడిగితే, "ముందే చెప్తే మిగతాది ఎవరింటారప్పా" అంది.

ఆ వాన సమాచారం మా ఆఫీసుకు ఇంగ్లీషులో వచ్చేది. నేను తెలుగు చేసి కేంద్రాలకు పంపేవాణ్ణి. ఊళ్లో వాళ్లు "కంప్యూటరు ఏమంటాంది?" అని అడిగితే ఆమెకు నచ్చేది కాదు.

"మిషనేమీ అనదు. ఎవరో అన్నది తెస్తాది. ఆ ఎవరో మన ఊరు చూసినోడు కాదు" అనేది.

మా ఆఫీసుకు నెలనెలా ప్రతి కేంద్రం నుంచీ ఒక విజయగాథ కావాలి. కంప్యూటరు వల్ల ఎవరి బతుకు ఎలా బాగుపడిందో ఒక పేజీ రాసి, ఫోటోతో పైకి పంపాలి. ఆమె దగ్గరికి పోయి, ఈ నెల ఎవరున్నారక్కా అని అడిగేవాణ్ణి. ఆమె నిజంగానే ఆలోచించేది. వేలితో బల్ల మీద గీతలు గీస్తూ, ఊరిని ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఇల్లిల్లూ తలుచుకునేది. "ఆయప్ప కూతురికి నర్సు ట్రైనింగు ఫారము మనమే తీసిచ్చినాం గదా. సీటు రాలేదనుకో." "ఆ ముసలాయన పింఛను అర్జీ పంపినాం. వచ్చేలోపల పోయినాడు." అలా చాలా చెప్పి, "గెలిచినోళ్లే కావాల్నా?" అని అడిగేది. నేను సీటు రాలేదన్న మాట తీసేసి నర్సు ఫారము కథ రాసుకునేవాణ్ణి.

మూడో ఏడు సంగతి ఇది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయి. ఆరుద్ర ఎండిపోయింది. పునర్వసు సగమయ్యాక ఒక రాత్రి చిన్న జల్లు పడి నేల పైపైన తడిసింది. విత్తడానికి ఆ పదును చాలదు. దాని వెనక ఇంకో వాన వస్తే చాలుతుంది. రాకపోతే విత్తిన గింజ నేలలోనే పోతుంది. ఊరంతా విత్తనాలు ఒలుచుకుని, విత్తే గొర్రులు బాగుచేసుకుని కూర్చుంది. అప్పుడు ఆ సమాచారం వచ్చింది. రాబోయే రెండు రోజుల్లో అనంతపురం జిల్లాలో వర్షాలు. తెలుగు చేసి పంపాను. అయిదు నిమిషాల్లో ఆమె ఫోన్ చేసింది.

"జిల్లా అని ఉండాది. ఏ పక్క?"

"అది రాయలేదక్కా."

"అడిగి చెప్పు."

"ఎవరిని అడగను? పైనుంచి వచ్చింది."

"మడకశిరలో పడినా జిల్లానే, ఈడ పడినా జిల్లానే గదప్పా. ఊరంతా నా నోరు చూస్తాండారు. నేను పడతాదంటే రేపు గొర్రు కడతారు."

ఆరోజు నాకు పని ఎక్కువగా ఉంది. "వచ్చింది వచ్చినట్టు చదవడమే మన పని. మిగతా కేంద్రాలవాళ్లు చదివేశారు, నువ్వొక్కదానివే ఆపితే ఎట్లా?" అన్నాను.

"సరే సార్" అంది. అంతకుముందు రెండేళ్లుగా ఆమె నన్ను సార్ అనలేదు.

ఆ రెండు రోజుల్లో వాన పడింది. హిందూపురం వైపు వంకలు పారాయని పేపర్లో వచ్చింది. ఆమె ఊరి మీద మబ్బు పట్టి, మధ్యాహ్నానికి విరిగిపోయింది. తర్వాత గాలి మొదలైంది. ఇరవై రోజులు ఆగలేదు.

నేను వెళ్లేసరికి ఆమె కేంద్రంలో లేదు. చేలో ఉందన్నారు. తమ్ముడి నాలుగెకరాల చేను ఊరికి పడమట. సాలు పక్కన గొంతుకూర్చుని వేలితో మట్టి తవ్వుతోంది. నన్ను చూసి లేవలేదు. ఒక గింజ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. మొలక బయటికి వచ్చి, కొంచెం వంగి, అక్కడే ఎండిపోయి ఉంది. ఇంకో రెండడుగులు జరిగి ఇంకొకటి తీసింది. అదీ అంతే.

"వచ్చినాయి సూడు పాపం" అంది. "నమ్మి బయటికొచ్చినాయి."

తిరిగి ఊళ్లోకి వస్తుంటే ఒక ముసలి రైతు ఎదురయ్యాడు. ఆమె తలవంచుకుంది. ఆయన ఆగి, "నీ తప్పేముందిలేమ్మా. నువ్వు చదివినావంతే" అని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టుంటే ఆమె కాస్త తేలికపడేది. ఎవరూ తిట్టలేదు. తమ్ముడు ఆమెతో మాట మానేశాడు. ఆమె పెట్టిన సంగటి తినకుండా, పెళ్లాం వచ్చి పెట్టేదాకా కూర్చునేవాడట. అది నాకు ఆమె చెప్పలేదు, ఆమె మరదలు చెప్పింది.

మర్నాటి పొద్దున ఆమె మైకు వేసినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. నీళ్లు తాగింది, దగ్గింది, "వింటాండారా?" అని ఆగింది. ఎప్పుడూ ఆగినంతసేపు ఆగింది. కిటికీలోంచి ఎవరిదో చీపురు చప్పుడు మాత్రం వచ్చింది. ధరలు చదివింది, పింఛన్ల సంగతి చదివింది, వాన సంగతి చదివింది. చదివి, కాగితంలో లేని మాట ఒకటి కలిపింది. "ఇది జిల్లాకు చెప్పిన మాట. మన ఊరికి చెప్పింది కాదు. మీ నేల చూసుకోని విత్తుకోండి."

ఆ రోజు నుంచి ప్రతిరోజూ అదే. సంగతి మా డైరెక్టరుకు తెలిసింది. మన సమాచారం మీద మనమే అనుమానం పెడితే ఎలా అన్నాడు. ఆ మాట మానిపించమని నన్ను పంపాడు.

"ఆ మాట తీసేయాలంటే నన్ను తీసేయండప్పా" అంది ఆమె. కోపంగా అనలేదు. గలీబు మడతలు సర్దుకుంటూ అంది. ఆమెను తీసేస్తే ఇంకో మనిషి దొరకడని డైరెక్టరుకు తెలుసు. వదిలేశాడు.

ఆ తర్వాతి ఏడాది నెట్‌వర్కు పెద్దలు వచ్చారు. ఎక్కడో పెద్ద సమావేశం జరిగింది, దానికి వచ్చిన విదేశీయులు పల్లె కేంద్రాలు చూడాలన్నారు. మిగతా కేంద్రాల్లో కొన్ని అప్పటికే మూతపడ్డాయి, కొన్నిట్లో కంప్యూటరు పాడైంది. చక్కగా నడుస్తున్నది ఆమెదే. రెండు జీపుల్లో బయలుదేరాం. దారిలో డైరెక్టరు నా పక్కకు వంగి, "ఈ పొద్దు బాగా జరిగితే ఇంకో మూడేళ్లు ఉంటాం. లేకపోతే నువ్వూ నేనూ ఇంటికే" అన్నాడు.

ఆమె ఆ రోజు కూడా రోజూ కట్టే నూలుచీరే కట్టుకుంది. గదిలో పట్టక కొందరు గడప దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒక తెల్లజుట్టు ఆవిడ ఉంది. మంచి మనిషి. నేల మీద బాసింపట్టు వేసుకుని ఆమెకు ఎదురుగా కూర్చుంది. ఈ కేంద్రం వల్ల మీ ఊళ్లో ఏం మారిందో మీ మాటల్లో చెప్పండి అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

ఆమె నీళ్లు తాగింది. ఆవిడ కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"అమ్మా, మిషను మంచిదే. దాన్ని నేను తప్పు పట్టను. పోయినేడు వానొస్తాదని చదివినా. రాలేదు. నా మాటిని మా ఊరోళ్లు విత్తినారు, మా తమ్ముడూ విత్తినాడు. గింజ నేల్లోనే పోయింది. మా తమ్ముడు ఈ పొద్దుకీ నా మొగం చూడడు. చెప్పేటోళ్లు యాడో దూరాన కూర్చోని చెప్తాండారు. మా ఊరి వాన మా ఊర్లో కొలవాల. వాన కొలిచే డబ్బా ఒకటి ఇప్పియ్యండి. రోజూ నేనే కొలిచి రాసి పంపుతా, జీతం వద్దు. అట్ల ఊరూరా రాస్తే, అవన్నీ చూసి అప్పుడు చెప్పమనండి. అట్లయితే చదువుతా. ఇంకొక్కసారి అట్ల జరిగితే నేను ఈ ఊర్లో తలెత్తుకోలేను తల్లీ."

గదిలో అందరూ నావైపు తిరిగారు. డైరెక్టరు కూడా. ఒక్క క్షణం మా నాయన కనిపించాడు, కుక్కి మంచం మీద కూర్చుని కళ్ల దగ్గర చేతివేళ్లు పెట్టుకుని లెక్కబెట్టుకుంటున్నట్టు. నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. ఈ కేంద్రం వచ్చాక రైతులకు ధైర్యం వచ్చింది, ఒక సామాన్య స్త్రీగా తనకు ఊళ్లో గౌరవం దక్కింది, ఇలాంటి కేంద్రాలు ఊరూరా రావాలని ఆమె కోరుతోంది, అందుకు జీతం లేకుండా పని చేయడానికైనా సిద్ధమంటోంది అన్నాను. చివరి ముక్కలో కొంచెం నిజం ఉంది. అందుకే నా గొంతు వణకలేదు.

తెల్లజుట్టు ఆవిడ కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఆ చప్పట్లను చూసింది, నన్ను చూసింది.

"అంత పొడుగు చెప్తే ఇంత పొట్టిగా అయిందే" అంది.

"ఇంగ్లీషు అంతేనక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. వచ్చినవాళ్లకు బొరుగుల ఉగ్గాని పెట్టింది. తెల్లజుట్టు ఆవిడ వెళ్లేటప్పుడు ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొన్ని నెలలకు నున్నటి కాగితం మీద ఒక పుస్తకం వచ్చింది. లోపల ఆమె ఫోటో, కింద ఆమె పేరు, ఆ కింద నేను చెప్పిన మాటలు. ఆమెకు ఒకటి ఇచ్చాను. ఫోటో చూసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. ఏం రాశారని నన్ను అడగలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "డబ్బా ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది.

"వస్తుందక్కా. రాశాను" అన్నాను.

మూడేళ్లు అన్నది ఒక ఏడాదిన్నరకే అయిపోయింది. నెట్‌వర్కు వాళ్లకు వేరే దేశాలు, వేరే పనులు కనిపించాయి. ఇప్పుడు అందరి చేతికీ సెల్‌ఫోన్లు వస్తున్నాయి కదా, కేంద్రాలెందుకు అన్నారు. సామాను తీసుకురావడానికి నేనే జీపులో వెళ్లాను. ఆమె అన్నీ తుడిచి పెట్టింది. కంప్యూటరు, బ్యాటరీ, ప్రింటరు ఒక్కొక్కటే మోసుకొచ్చి జీపులో పెట్టింది. చివరికి, "మైకు వదిలిపెట్టిపోండప్పా. మేకలు తప్పిపోతే చెప్పుకుంటాం" అంది. జాబితాలో మైకు కూడా ఉంది. తీసుకొచ్చేశాం. ఆ సామానంతా మా ఆఫీసు మిద్దె మీద గదిలో చాలాకాలం పడి ఉంది.

ఆ తర్వాత నేను ఒకేసారి ఆ ఊరు వెళ్లాను. అప్పటికి ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆమె ఇంటి ముందు, కోళ్లు దొర్లించకుండా చుట్టూ రాళ్లు పేర్చి, ఒక నూనె డబ్బా నిలబెట్టి ఉంది. పక్కన గోడ సందులో దోపిన చెక్క స్కేలు. "ఎవరికి పంపాలో తెలీదు. ఊరికే సూస్తాండా" అంది. ఆ రోజు డబ్బాలో అడుగున దుమ్ము ఉంది.

కండక్టరు చెప్పిన తర్వాతి ఆదివారం యాడికి బస్సెక్కి ఆ ఊరికి పోయాను. సగం ఇళ్లకు తాళాలు. తమ్ముడు పెద్దల పండక్కు అక్కకు బట్టలు పెట్టుకోవడానికి బెంగుళూరు నుంచి వచ్చి ఉన్నాడు. సాయంత్రం బస్సుకు మళ్లీ వెళ్లిపోతున్నాడు. చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఎప్పటి నుంచి మళ్లీ మాట్లాడుకున్నారని నేను అడగలేదు. "ఆస్పత్రికి ఆటోలో ఎత్తుకోని పోయినా. బరువే లేదు సార్" అన్నాడు.

నేను అక్కడికి పోయింది ఒక మాట చెప్పడానికి. ఆమెకు చెప్పలేకపోయాను, ఆమె తమ్ముడికైనా చెప్పాలనుకున్నాను. చెప్పాను. విదేశాలవాళ్లు వచ్చిన రోజు మీ అక్క చెప్పింది నేను చెప్పలేదు, నా ఉద్యోగం కోసం వేరే చెప్పాను, ఆ డబ్బా సంగతి వాళ్లకు అసలు తెలియదు అన్నాను.

అతను ఆశ్చర్యపోలేదు. సంచీకి తాడు బిగిస్తూ ఉన్నాడు.

"మాయక్కకు తెలుసు సార్" అన్నాడు. "బెంగుళూరులో ఒకనాడు చెప్పింది. ఇంగ్లీషు నాకు రాదురా, అయినా వానను రెయిన్ అంటారని బళ్లో సదువుకున్నా, ఆయప్ప నోట్లో ఆ మాట ఎప్పుడొస్తాదా అని కాసుకోని కూర్చున్నా, ఒక్కసారి గూడా రాలేదు అనింది."

"మరి నన్ను అడగలేదే?"

"నేనూ అదే అన్నా. ఆ పొద్దే అందరిముందు అడగాల్సింది గదా అని. 'ఆయబ్బికి ముసిలి నాయన ఉండాడంటరా' అనింది."

బస్సు వచ్చే వేళైంది. అతను ఇంటికి తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని, సంచీ నెత్తిన పెట్టుకున్నాడు. రోడ్డు దాకా ఇద్దరం నడిచాం. దారికి రెండు వైపులా చేలు విత్తకుండానే ఉన్నాయి. బస్సులో అతనికి ముందు సీటు దొరికింది, నాకు వెనక. పామిడిలో నేను దిగేటప్పుడు అతను కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. లేపలేదు.